కోడంబాక్కం ఆహార వ్యవస్థ

కోడంబాక్కం చెన్నై నగరంలో పడమటి వైపున్న పాత పేట. తెలుగువారికి ఇది ముందుగా సినిమా స్టూడియోల ఊరుగానే తెలుసు. గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ పదో మండలానికి కూడా ఇదే పేరు. 127 నుంచి 142 వరకు వార్డులున్న ఆ మండలంలో త్యాగరాయ నగర్, పశ్చిమ మాంబళం, అశోక్ నగర్, కె.కె. నగర్, వడపళని కలిసి ఉన్నాయి. ఈ వ్యాసంలో కోడంబాక్కం అంటే ఆ మొత్తం ప్రాంతం.

ఆహార వ్యవస్థ అన్నప్పుడు పంట, లారీ, మండీ, తోపుడు బండి, వంటిల్లు, విస్తరి, చెత్తబుట్ట అన్నీ దాని కిందికే వస్తాయి. కోడంబాక్కంలో పొలం లేదు కాబట్టి తినేదంతా బయటినుంచే రావాలి. వచ్చే దారి బాగా నలిగిన దారి. తరాలుగా వ్యాపారులు, హమాలీలు, డ్రైవర్లు, బండివాళ్ళు దాన్ని నిలబెట్టారు. తిన్నాక మిగిలిన తొక్క, ఆకు, మెతుకు తిరిగి మట్టికి చేరే దారి మాత్రం ఇప్పటికీ సరిగా పడలేదు. ఈ పేట తిండి వల్ల పర్యావరణానికి జరిగే హానిలో స్థానికంగా సరిదిద్దగలిగిన భాగం చాలావరకు ఆ రెండో దారిలోనే ఉంది.

చెరువు ఉన్న కాలం

ఇరవయ్యో శతాబ్దం మొదటి పాదం దాకా ఈ ప్రాంతం ఊరి వెలుపలి పల్లెల సముదాయం. పేరు గురించి జనంలో ఒక కథ ఉంది: ఆర్కాటు నవాబు గుర్రాలను మేపిన తోట ‘ఘోడా బాగ్’ కాలక్రమంలో కోడంబాక్కం అయిందంటారు. కథ మాటెలా ఉన్నా, నేల చరిత్రకు నిజమైన సాక్షి చెరువు. నుంగంబాక్కం నుంచి సైదాపేట దిక్కుగా సాగిన పొడవాటి చెరువును ఇంగ్లీషువారు లాంగ్ ట్యాంక్ అన్నారు. 1920లలో ఆ చెరువు భాగాన్ని ఎండగట్టి, పూడ్చి, త్యాగరాయ నగర్ కట్టారు. పేటకు పిట్టి త్యాగరాయ శెట్టి పేరు, నడిబొడ్డు పార్కుకు పానగల్ రాజా పేరు పెట్టారు. ఇద్దరూ జస్టిస్ పార్టీ నాయకులు, ఇద్దరూ తెలుగువారే. పశ్చిమ మాంబళంలో ఒక వీధిని నేటికీ లేక్ వ్యూ రోడ్డు అనే పిలుస్తున్నారు. ఆ వీధిలో ఎటు చూసినా నీళ్ళు కనబడవు.

చెరువు పోవడంతో దాని కింది సాగూ పోయింది. వాన నీటికి నిలువ చోటు లేకుండా పోయింది. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో మిగిలిన తోటల్లోకి, ఖాళీ జాగాల్లోకి స్టూడియోలు వచ్చాయి. వాహినీ, ఏవీఎం, భరణి ఆ తరానివే. 1970ల నుంచి తెలుగు సినిమా మెల్లమెల్లగా హైదరాబాదు దారి పట్టాక ఆ స్థలాల్లో ఫ్లాట్లు, ఆసుపత్రులు, కల్యాణ మండపాలు లేచాయి. వాహినీ ఆవరణలో కొంత భాగం ఆసుపత్రి అయింది, ఇంకొంత భాగం 2013లో షాపింగ్ మాల్ అయింది. ఆహారం దృష్టితో చూస్తే ఇది పెద్ద మార్పు. ఒకప్పుడు నేల తిండిని పండించింది. తర్వాత షూటింగు రోజుల్లో కొన్ని వందల మంది ఒకేచోట తినే స్థలమైంది. ఇప్పుడది రోజంతా వేల మంది కొని తిని పారవేసే చోటు.

మండీ

కోడంబాక్కం కూరగాయల కథ జార్జ్‌టౌన్‌లోని కొత్తవాల్ చావడిలో మొదలవుతుంది. ఆర్యవైశ్యుల శ్రీ కన్యకా పరమేశ్వరి దేవస్థానం స్థలంలో పెరిగిన ఆ బజారే చాలాకాలం నగరమంతటికీ టోకు అంగడి. ఇరుకు సందుల్లో లారీలు పట్టక, రద్దీ తట్టుకోలేక, 1996లో మండీని నగరం పడమటి అంచున ఉన్న కోయంబేడుకు తరలించారు. చెన్నై మహానగరాభివృద్ధి సంస్థ 295 ఎకరాల్లో కట్టిన ఆ సముదాయంలో కూరగాయలకు, పళ్ళకు, పూలకు వేర్వేరు విభాగాలున్నాయి. దుకాణాలు మూడు వేలకు పైగా. కోడంబాక్కానికి ఇది అయిదారు కిలోమీటర్ల దూరం. అప్పట్లో ఊరి అంచున కట్టినదాని చుట్టూ ఇప్పుడు ఊరే పెరిగింది.

లారీలు అర్ధరాత్రి దాటాక చేరతాయి. తెల్లవారకముందే చిల్లర వ్యాపారులు వచ్చి గోతాల లెక్కన కొంటారు. ఆ సరుకు టెంపోల్లో, ఆటోల్లో వెళ్ళి ఎం.జి.ఆర్. నగర్ మార్కెట్టుకు, మాంబళం స్టేషన్ పక్క వీధులకు, ఆర్కాట్ రోడ్డు సందుల్లోని తోపుడు బండ్లకు చేరుతుంది. తోపుడు బండికి శీతల గది లేదు, కరెంటు బిల్లు లేదు. తడి గోనెపట్టాతోనే సాయంకాలం దాకా ఆకుకూరను బతికిస్తుంది. అమ్ముడుపోని సరుకు పొద్దు వాలేసరికి ధర దిగి పేదవాడి వంటింటికి చేరుతుంది. ఆహార వృథా తక్కువగా ఉండే అమరిక ఇది. నగర ప్రణాళికలు రాసేవారు దాన్ని అడ్డంకిగా కాక ఆస్తిగా చూడాలని ఈ రచయిత గట్టిగా నమ్ముతాడు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఈ వృత్తికి రక్షణ ఇచ్చింది. ఆ రక్షణ నిజంగా దక్కాలంటే బండి నిలుపుకోవడానికి చోటు కూడా ఉండాలి.

ఒక్క మండీ మీదే ఆధారపడితే ఏమవుతుందో 2020 మే నెలలో తేలింది. కోయంబేడులో కరోనా వ్యాపించడంతో మండీ మూసి, కూరగాయల టోకు వ్యాపారాన్ని ఊరి వెలుపలి తిరుమళిశైకి మార్చారు. తిరిగి తెరిచేసరికి సెప్టెంబరు వచ్చింది. ఆ నెలల్లో వీధి వీధికీ బండ్ల మీద కూరలు పంపిన అనుభవం నగరానికి మిగిలింది. ఆపద తీరగానే దాన్ని అటకెక్కించారు.

మదనపల్లె టమాటా, గూడూరు నిమ్మ

చెన్నై వంటింటిని నడిపేది చాలావరకు తమిళనాడు సరుకు కాదు. టమాటా మదనపల్లె, పలమనేరు, కుప్పం వైపు నుంచి, కర్ణాటకలోని కోలారు వైపు నుంచి వస్తుంది. నిమ్మకు గూడూరు, మామిడికి చిత్తూరు, ఎండు మిరపకు గుంటూరు. ఉల్లి నాసిక్ నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వస్తుంది. నీళ్ళ సంగతీ ఇలాంటిదే. 1983 ఒప్పందం ప్రకారం తెలుగుగంగ కాలువ ద్వారా కృష్ణా జలాలు కండలేరు నుంచి పూండి జలాశయానికి రావాలి. 1996లో మొదటిసారి సరిహద్దు దాటి వచ్చాయి. అంటే కోడంబాక్కంలో ఉడికే పప్పుచారులో టమాటాతోపాటు నీళ్ళలోనూ కొంత తెలుగు నేల నుంచి వచ్చిందే. రాష్ట్రాల సరిహద్దు గీత వంటింటికి పట్టదు.

మదనపల్లె నుంచి చెన్నైకి సుమారు 250 కిలోమీటర్లు. ఇక్కడ సాధారణంగా ఒక పొరపాటు జరుగుతుంది. తిండి వల్ల వచ్చే కాలుష్యమంతా లారీ పొగలోనే ఉందనుకొని, దగ్గరి పంట తింటే సరిపోతుందంటారు. ప్రపంచం మొత్తం మీద మనుషులు విడుదల చేసే గ్రీన్‌హౌస్ వాయువుల్లో సుమారు మూడో వంతు ఆహార వ్యవస్థదే. అందులో రవాణా వాటా చిన్నది. పొలంలో ఎరువులు, వరిమడిలో నిలిచిన నీటి నుంచి వెలువడే మీథేన్, పశువులు, నేలను సాగుకు మళ్ళించడం, చివర కుళ్ళే చెత్త, వీటి బరువే ఎక్కువ. దక్షిణాది శాకాహార భోజనం మాంసాహారంతో పోలిస్తే తేలికైనదే. అయినా ధాన్యాలన్నిటిలో వరి ఎక్కువ మీథేన్‌కు కారణమవుతుంది. వారంలో ఒకటి రెండు పూటలు రాగి సంగటో కొర్ర అన్నమో తినడం టమాటాను దగ్గరి ఊరినుంచి తెప్పించడం కన్నా ఎక్కువ మేలు చేయవచ్చు.

దూరానికి అసలు సంబంధం నష్టభయంతోనే. 2023 జులైలో టమాటా ధర కిలో వంద రూపాయలు దాటినప్పుడు తమిళనాడు ప్రభుత్వం చెన్నైలోని 82 రేషన్ దుకాణాల్లో కిలో 60 రూపాయలకు అమ్మించింది. రెండు మూడు తాలూకాల్లో వానలు తేడా చేస్తే పది రోజుల్లో కోడంబాక్కం ఇల్లాలికి ఆ సంగతి తెలిసిపోతుంది. ధర పడిపోయిన నెలల్లో అదే టమాటాను రైతులు కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోస్తారు. కొనేవాడి కష్టానికీ పండించేవాడి కష్టానికీ మూలం ఒకటే. నిలువచేసే ఏర్పాటు, గుజ్జు తీసి దాచే ఏర్పాటు మండీకీ పొలానికీ మధ్య చాలినంతగా లేవు.

నేరుగా అమ్మే అంగళ్ళు

రైతు, వినియోగదారుడు ముఖాముఖి కలిసే అంగడికి దక్షిణాదిలో నాంది పలికినవి తెలుగు నేల మీది రైతు బజార్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న అవి మొదలయ్యాయి. అదే ఏడాది నవంబరు 14న తమిళనాడు ప్రభుత్వం మదురైలో తొలి ఉళవర్ సందై (రైతు సంత)ని తెరిచింది. జిల్లా పట్టణాల్లో రెండూ నిలదొక్కుకున్నాయి. చెన్నై నడిబొడ్డున మాత్రం ఈ పద్ధతి పాతుకోలేదు. తిరువళ్ళూరు, కాంచీపురం జిల్లాల చిన్న రైతు రెండు గంపల వంకాయలతో తెల్లవారుజామున యాభై అరవై కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చి, మధ్యాహ్నం దాకా అమ్ముకొని తిరిగి వెళ్ళడం ఒక రోజు కూలిని పోగొట్టుకోవడమే. సహకార శాఖ 2013లో పెట్టిన ‘పణ్ణై పసుమై’ కూరగాయల దుకాణాలు ఆ ఇబ్బందికి ఒక జవాబు. సరుకును సంఘమే తెచ్చి తక్కువ లాభంతో అమ్మింది. తిరువల్లిక్కేణిలో 1904లోనే వినియోగదారుల సహకార సంఘం పుట్టిన నగరానికి ఈ దారి కొత్తది కాదు.

ఇటీవలి కాలంలో చూడవలసిన మరో దారి ప్రకృతి వ్యవసాయం. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడిపిస్తున్న ఈ కార్యక్రమం మీద లోకం దృష్టి పడింది. 2024లో దానికి గుల్బెంకియన్ బహుమతిలో భాగం దక్కింది. ఆ పంటలో కొంత చిత్తూరు, నెల్లూరు వైపునుంచి చెన్నైకి సులువుగా రాగలదు. కానీ మండీలో వేలం పాట మొదలయ్యే వేళకు ఘనజీవామృతం వంటి సహజ ఎరువుతో పండిన టమాటా, పురుగుమందు కొట్టిన టమాటా ఒకే రాశిలో కలిసిపోతాయి. వేరు రాశి లేనిచోట వేరు ధర రాదు, వేరు ధర రాకపోతే రైతు ఆ కష్టాన్ని ఎక్కువ కాలం మోయలేడు. కోయంబేడులో రసాయనాలు లేని సరుకుకు ఒక వరుస దుకాణాలు కేటాయించడం పెద్ద ఖర్చు లేని పని.

అందరి విస్తరి

వండిన అన్నాన్ని నగర పాలన బాధ్యతగా తీసుకోవడంలో మద్రాసు దేశంలోనే ముందున్న నగరం. త్యాగరాయ శెట్టి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, 1920 సెప్టెంబరు 16న, థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పిల్లలకు ఫలహారం పెట్టే తీర్మానాన్ని కార్పొరేషన్ ఆమోదించింది. తలకు రోజుకు ఒక అణా మించరాదన్నారు. నేటి మధ్యాహ్న భోజనానికి అది తొలి మెట్టు. 2022 సెప్టెంబరు 15న ప్రారంభమైన ముఖ్యమంత్రి ఉదయ ఫలహార పథకం దాని తాజా కొమ్మ.

2013 ఫిబ్రవరిలో మొదలైన చౌక భోజనశాలలు, అమ్మ ఉణవగాలు, నగరమంతటా నాలుగు వందలకు చేరాయి. రూపాయికి ఇడ్లీ, అయిదు రూపాయలకు సాంబారన్నం, మూడుకు పెరుగన్నం. వంట, వడ్డన స్వయం సహాయక సంఘాల మహిళలవి. ఆంధ్రప్రదేశ్ అన్న క్యాంటీన్లకు ఇదే ఒరవడి. అవి 2018లో మొదలై, మరుసటి ఏడు మూతపడి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరుచుకున్నాయి. పేదవాడి ఆకలి తీర్చడం వీటి మొదటి పని. పర్యావరణానికి వీటి వల్ల జరిగే మేలును ఎవరూ పెద్దగా లెక్కించలేదు. ఒకే పొయ్యి మీద వందల మందికి వండితే ఇంధనం కలిసొస్తుంది, వంటకాలు తక్కువ కాబట్టి మిగిలేదీ తక్కువే. బ్రెజిల్‌లోని బెలో హొరిజొంచి నగరం 1993లో ఆహార భద్రతకు ప్రత్యేక శాఖ పెట్టి, ఇలాంటి జనతా భోజనశాలలను చుట్టుపక్కల రైతుల అమ్మకాలతో ముడివేసింది. చెన్నైలో ఆ ముడి ఇంకా పడలేదు. ప్రభుత్వ పొయ్యిలు, బడి వంటశాలలు రోజూ కొనే కూరగాయల్లో కొంత భాగం చిన్న రైతు సంఘాల నుంచి నేరుగా కొంటే, ఉళవర్ సందై చేయలేని పని వీటి వల్ల జరుగుతుంది.

విస్తరి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. త్యాగరాయ నగర్‌లో ఆంధ్రా క్లబ్బుగా పేరుపడ్డ ఆంధ్ర సోషల్ అండ్ కల్చరల్ అసోసియేషన్ భోజనమైనా, సందు చివర ఆంధ్రా మెస్ అయినా, అరటాకు వేస్తే భోజనం కాగానే అది పశువుకు మేత అవుతుంది, లేదా ఎరువవుతుంది. పార్సిల్ భోజనం వచ్చాక ఆకు మీద పల్చటి ప్లాస్టిక్ పొర చేరింది. తమిళనాడు 2019 జనవరి 1 నుంచి ఒకసారి వాడి పారేసే 14 రకాల ప్లాస్టిక్ వస్తువులను నిషేధించింది. 2021 డిసెంబరులో ‘మీండుం మంజప్పై’ పేరుతో పసుపు గుడ్డ సంచికి మళ్ళీ పిలుపునిచ్చింది. సాంబారు పొట్లం ఇంకా ప్లాస్టిక్ కవరులోనే వస్తోంది. ఇంటినుంచి గిన్నె తెచ్చుకొనే అలవాటు ముందు తరానికి ఉండేది, దాన్ని తిరిగి తేవడం అసాధ్యమేమీ కాదు.

మిగిలింది ఎక్కడికి పోతుంది

చెన్నై రోజుకు అయిదు వేల టన్నులకు పైగా చెత్త తీస్తుంది. అందులో సగం దాకా తడి చెత్తే. 2020 నుంచి కోడంబాక్కం మండలంలో ఇంటింటి సేకరణను కార్పొరేషన్ ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించింది. బ్యాటరీ మూడు చక్రాల బండ్లు వీధుల్లోకి వస్తాయి. తడిదీ పొడిదీ వేరు చేసి ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పాయి. కలిపి ఇచ్చిన చెత్త దక్షిణ, పడమటి మండలాల చెత్తతోపాటు పెరుంగుడి దిబ్బకు పోతుంది.

పెరుంగుడి మామూలు చోటు కాదు. అది పళ్ళికరణై చిత్తడి నేలలో భాగం. దక్షిణ చెన్నై వాన నీటిని పీల్చుకొనే, వలస పక్షులు దిగే ఆ నేలకు 2022లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రాంసార్ గుర్తింపు వచ్చింది. దశాబ్దాలుగా అందులోనే కోడంబాక్కం కూరగాయ తొక్కలు కూడా గుట్టపడ్డాయి. గాలి తగలని చోట కుళ్ళిన తిండి మీథేన్‌గా మారుతుంది. నూరేళ్ళ లెక్కన ఆ వాయువు కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు, ఇరవై ఏళ్ళ లెక్కన 80 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. దిబ్బ ఊటనీరు చిత్తడిలోకి దిగుతుంది. పాత గుట్టను తవ్వి, జల్లించి, నేలను ఖాళీ చేసే బయోమైనింగ్ పని మొదలైంది. తొలగించడం అవసరమే. కొత్తగా చేరేది ఆగకపోతే మాత్రం ఆ పనికి అంతుండదు.

ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక ప్రకారం భారతీయ కుటుంబాల్లో తలకు ఏడాదికి 55 కిలోల తిండి వృథా అవుతుంది. తినదగ్గ అన్నంతోపాటు తినలేని తొక్కలు, గింజలు కూడా ఈ లెక్కలో ఉన్నాయి. కల్యాణ మండపాల వృథా వేరు. మూడు పూటల పెళ్ళిలో ఎంత మంది వస్తారన్నది ఎవరికీ ఖాయంగా తెలియదు, తక్కువైతే పరువు పోతుందన్న భయం మాత్రం అందరికీ ఖాయం. మిగిలిన అన్నాన్ని ఆకలిగొన్నవారికి చేర్చే సేవా సంస్థలు నగరంలో ఉన్నాయి. రాత్రి పదకొండు గంటలకు ఫోను చేస్తే, మన వేడికి తెల్లవారేసరికి అన్నం పాడవుతుంది. భోజనాల పంక్తి సగంలో ఉండగానే కబురు చేస్తేనే ఆ సేవకు అర్థం ఉంటుంది. ఇటలీలోని మిలాన్ నగరం 2019 నుంచి పేటకొక మిగులు ఆహార కేంద్రం పెట్టి, సూపర్ మార్కెట్ల నుంచి, కంపెనీ క్యాంటీన్ల నుంచి సేకరించి, స్థానిక సంఘాలకు అందిస్తోంది. 2015లో నగరాల ఆహార విధాన ఒడంబడికకు వేదికైన నగరం అదే. వడపళని చుట్టూ ఉన్న మండపాలన్నిటికీ కలిపి చల్లని గది ఉన్న అలాంటి కేంద్రం ఒక్కటి చాలు.

మిద్దె తోట

నగర సేద్యం అనగానే అందరికీ మిద్దె తోట గుర్తుకొస్తుంది. తెలుగులో ఈ మాటకు ఊపు తెచ్చింది రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి. తమిళనాడు ఉద్యాన శాఖ దశాబ్దం కిందటే చెన్నైలో సబ్సిడీ మీద మాడి (మిద్దె) తోట సామగ్రిని పంచింది. కొబ్బరి పీచు పొట్టు నింపిన సంచుల్లో తోటకూర, పాలకూర, పచ్చిమిర్చి, టమాటా బాగానే వస్తాయి. మేలో కత్తిరి ఎండకు నీడ వల కావాలి.

దీని హద్దు కూడా చెప్పాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకు సుమారు 400 గ్రాముల కూరగాయలు తినమంటుంది. నలుగురున్న ఇంటికి ఏడాదికి అది దాదాపు 580 కిలోలు. ఎనిమిది ఫ్లాట్ల భవనానికి ఉన్నది ఒక్క మిద్దె, అందులోనూ నీళ్ళ ట్యాంకు, సోలార్ పలకలు, బట్టల తీగలు. మిద్దె తోట కోడంబాక్కాన్ని పోషించలేదు. అది చేసే అసలు మేలు ఇంట్లోని తడి చెత్తకు ఇంట్లోనే గిరాకీ తేవడం. మొక్కలు పెంచే ఇంట్లో తొక్క చెత్తబండి దాకా వెళ్ళదు.

వెనక్కి దారి

ఈ దిశగా చెన్నైలో ప్రయత్నాలు పాతవే. 1989లో ఎం.బి. నిర్మల్ ప్రారంభించిన ఎక్స్‌నోరా సంస్థ వీధివారిని కూడగట్టి, రిక్షా బండితో చెత్త సేకరించే పద్ధతిని వీధి వీధికీ తెచ్చింది. 2005లో కోయంబేడు మండీ ఆవరణలోనే రోజుకు 30 టన్నుల కూరగాయ వ్యర్థాల నుంచి కరెంటు తీసే బయోమీథేన్ ప్లాంటు వచ్చింది. ప్లాంటు పొట్టలోని సూక్ష్మజీవులకు నచ్చేది మెత్తటి, ఒకే రకమైన తిండి. గడ్డి, ఇసుక, ప్లాస్టిక్ తాడు కలిస్తే అరగదు. 2023లో వెలువడిన చెన్నై వాతావరణ కార్యాచరణ ప్రణాళిక 2050 నాటికి నగరాన్ని నికర శూన్య ఉద్గారాలకు చేర్చాలంటూ చెత్తకూ చోటిచ్చింది.

దక్షిణ కొరియా 2005లో తిండి వ్యర్థాలను దిబ్బలకు పంపడం నిషేధించింది. 2013 నుంచి ఇంటివారు పారవేసినంత బరువుకే రుసుము కట్టేలా చేసింది. కోడంబాక్కానికి ఆ యంత్రాలన్నీ ఇప్పుడే అవసరం లేదు. మాల్, ఆసుపత్రి, పెద్ద హోటలు, మండపం, నూరు ఇళ్ళ ఫ్లాట్ల సముదాయం, ఇలాంటి పెద్ద చెత్తదారుల నుంచి మొదలుపెట్టడం మేలు. వారి తొక్కలు ఒకేచోట, ఎక్కువ మొత్తంలో, కొంత శుభ్రంగా దొరుకుతాయి. వారి వద్ద పనివాళ్ళూ ఉంటారు.

కంపోస్టు గుంత సంగతిలోనూ స్థానిక జ్ఞానం కావాలి. వంటింటి తొక్కలో నీరూ నత్రజనీ ఎక్కువ, కార్బన్ తక్కువ. ఎండుటాకో పీచు పొట్టో సమంగా కలపకపోతే కంపు కొట్టి ఇరుగుపొరుగు తగవుకు వస్తారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో తెరిచి ఉన్న గుంత చెరువవుతుంది. పైకప్పు, ఎత్తైన అరుగు తప్పనిసరి. పూల మండీ వ్యర్థాలు, వీధి చెట్ల ఎండుటాకులు, హోటళ్ళ తొక్కలు కలిస్తే చక్కగా పొసగుతాయి. ఇవి మూడూ ఒకే మండలంలో రోజూ విడివిడిగా పారవేస్తున్నవే.

తయారైన ఎరువు ఎవరికన్నది చివరి చిక్కు. కేంద్ర ప్రభుత్వం 2016లో నగర కంపోస్టుకు టన్నుకు 1,500 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. రైతులు మాత్రం నగర ఎరువంటే జంకుతారు. ఒకసారి పొలంలో గాజుపెంకు కాలికి గుచ్చుకుంటే మళ్ళీ కొనరు. కలిపిన చెత్తనుంచి వచ్చిన ఎరువులో భార లోహాల భయమూ ఉంది. కూరగాయల తొక్క నుంచే చేసి, జల్లించి, పరీక్ష కాగితంతో గోతంలో ఇస్తే మాట వేరు. కోయంబేడులో సరుకు దించిన లారీల్లో చాలా వాటిలో తిరుగు ప్రయాణంలో ఉండేది ఖాళీ టమాటా పెట్టెలే. అవి వేలూరు, పలమనేరు మీదుగా ఎలాగూ మదనపల్లెకు వెళ్ళాల్సిన బండ్లు. ఆ పెట్టెల పక్కన పది గోతాల ఎరువు వేసి పంపడానికి కావలసింది మండీ యాజమాన్య కమిటీ, కార్పొరేషన్, అవతలి రాష్ట్రంలో ఒక రైతు సంఘం, ఈ ముగ్గురూ ఒకచోట కూర్చొని రాసుకొనే ఒక ఒప్పందం.